నాన్న కత్తి పడితే అమ్మాయికి న్యాయం జరిగినట్టేనా?

హిందీ తెర మీద పేద తండ్రి పగ తీర్చుకుంటుంటే మనం కళ్ళొత్తుకుంటాం, చప్పట్లు కొడతాం. బాగానే ఉంది. కానీ ఆ హడావుడిలో అసలు దెబ్బతిన్న అమ్మాయి ఎక్కడికి పోయింది? ఎప్పుడైనా ఆలోచించారా?

ఈ కథ మనకి కొత్తేం కాదు. చిన్న ఇల్లు. తల్లి లేని పిల్లని కంటికి రెప్పలా పెంచుకునే తండ్రి. ఆస్తిపాస్తులేం లేవు, ఉన్నదల్లా ఆ కూతురే. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళ కన్ను ఆ పిల్ల మీద పడుతుంది. జరగరాని ఘోరం జరిగిపోతుంది. తండ్రి పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతాడు, కోర్టు మెట్లెక్కుతాడు. న్యాయం దొరకదు. ఇంటర్వెల్! ఆ తర్వాత ఇంకేముంది... తండ్రి కత్తి పడతాడు. ఒక్కొక్కడినీ వెతికి వెతికి మరీ చంపుతాడు. హాల్లో ఈలలు, చప్పట్లు. మనం కూడా తేలికైన మనసుతో ఇంటికొస్తాం.

2017 సెప్టెంబర్‌లో వచ్చిన 'భూమి' అచ్చంగా ఇలాంటి సినిమానే. జైలు శిక్ష పూర్తి చేసుకుని బయటికొచ్చిన సంజయ్ దత్ మళ్ళీ తెరకెక్కింది దీంతోనే. దర్శకుడు ఒమంగ్ కుమార్. ఆగ్రాలో చెప్పుల దుకాణం నడుపుకునే అరుణ్ సచ్‌దేవ్‌గా సంజయ్ దత్, ఆయన కూతురు భూమిగా మన వనపర్తి సంస్థానం కుటుంబానికి చెందిన అదితీరావు హైదరీ నటించారు. తెల్లవారితే పెళ్ళనగా అమ్మాయిని ఎత్తుకుపోతారు. జరిగింది దాచకుండా చెప్పిన పాపానికి పెళ్ళికొడుకు వెళ్ళిపోతాడు. కోర్టులో దుర్మార్గులు దర్జాగా బయటపడతారు. ఇరుగుపొరుగు వాళ్ళ చూపులు, మాటలు తండ్రీకూతుళ్ళని బతకనివ్వవు. అప్పుడు మొదలవుతుంది పగ.

ఎందుకంత తృప్తి?

ఇలాంటి సినిమాలు చూసి తృప్తి పడేవాళ్ళని తప్పుపట్టాల్సిన పని లేదు. బస్సులో ఎవడో ఒరుసుకుంటూ నిలబడితే పళ్ళు బిగబట్టి ఊరుకున్నాం. ఆఫీసులో వెకిలి మాట వినపడితే విననట్టు నటించాం. ఇంట్లో చెబితే 'నువ్వే జాగ్రత్తగా ఉండాలి' అంటారని నోరు మూసుకున్నాం. అలా ఏళ్ళ తరబడి మింగిన కోపమంతా ఆ రెండున్నర గంటల్లో తెరమీది తండ్రి చేతుల్లోంచి బయటికొస్తుంది. 'హమ్మయ్య, ఒక్కడైనా అడిగాడు' అనిపిస్తుంది. మనకేమైనా అయితే మన నాన్న కూడా ఇలాగే నిలబడతాడన్న ఊహలోనే ఒక ధైర్యం ఉంది.

కాబట్టే నిర్మాతలు ఇలాంటి కథల్ని వదలరు. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన దారుణం తర్వాత దేశమంతా అట్టుడికిపోయింది. ఆ కోపం హిందీ తెర మీదికి కూడా వచ్చింది. ఒక్క 2017 సంవత్సరాన్నే తీసుకోండి. జనవరిలో 'కాబిల్'... చూపులేని భర్త పగ. ఏప్రిల్‌లో 'మాతృ'... రవీనా టాండన్ తల్లిగా పగ. జూలైలో 'మామ్'... శ్రీదేవి సవతి తల్లిగా పగ. సెప్టెంబర్‌లో 'భూమి'... తండ్రి పగ. నవంబర్‌లో 'అజ్జీ'... మురికివాడలో కుట్టుపని చేసుకునే నాయనమ్మ పగ. భర్త, తల్లి, సవతి తల్లి, తండ్రి, నాయనమ్మ... ఇంటిల్లిపాదీ కత్తి పట్టినట్టే లెక్క!

మరి అమ్మాయి ఏమైంది?

ఇక్కడే ఓ చిక్కు ఉంది. 'కాబిల్'లో భార్య ప్రాణం తీసుకుంటుంది. 'మాతృ'లో కూతురు చనిపోతుంది. అక్కడి నుంచి కథ అంతా మిగిలినవాళ్ళది. ఆమె గోడమీద దండ వేసిన ఫొటో అవుతుంది. హీరో చేసే ప్రతి హత్యకీ ఆ ఫొటోయే అనుమతి పత్రం! ఆమె బతికుంటే ఏం కోరుకునేదో ఎవరూ అడగరు. తిరిగి కాలేజీకి వెళ్ళాలనుకునేదేమో. ఊరు మారాలనుకునేదేమో. వాళ్ళని బోనులో నిలబెట్టి నలుగురి ముందూ నిజం చెప్పాలనుకునేదేమో. ఎవరికి తెలుసు?

'భూమి'ని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. అందులో అమ్మాయి బతికే ఉంటుంది. తండ్రి పక్కనే నిలబడుతుంది. కానీ అక్కడా ఆమె తిరిగి లేచి నిలబడడమంటే నలుగురిని చంపడంలో పాలు పంచుకోవడమే. మర్నాటి ఉదయం ఎలా లేవాలి, దుకాణం ఎలా తెరవాలి, నిద్ర పట్టని రాత్రులు ఎలా గడపాలి... ఆ కథ చెప్పడానికి ఏ సినిమాకీ తీరిక ఉండదు. విలన్ చచ్చాక తెర పడిపోతుంది కదా!

ఈ పగ కథల్లో మన తెలుగువాళ్ళ చేయి కూడా ఉంది సుమా. 1985లో టి.కృష్ణ తీసిన 'ప్రతిఘటన' గుర్తుందా? విజయశాంతి లెక్చరర్. కళ్ళముందు జరిగిన హత్యకి సాక్ష్యం చెబుతానన్నందుకు రౌడీ ఆమెని నడివీధిలో అవమానిస్తాడు. భర్త వెనక్కి తగ్గమన్నా ఆమె తగ్గదు. చివరికి గొడ్డలి పడుతుంది. 1987లో ఎన్.చంద్ర దీన్ని 'ప్రతిఘాత్' పేరుతో హిందీలో తీశారు. సుజాతా మెహతా నాయిక. అందులోనూ చివరికి హత్యే పరిష్కారం. కాదనలేం. కానీ గొడ్డలి పట్టేదాకా నడిచిన కథ మాత్రం ఆమెదే. ఆమె తరఫున కోప్పడడానికి ఎవరూ రానక్కర్లేకపోయింది.

గొడ్డలి ఎవరి మీద పడింది?

పేదవాడి పగ గురించి హిందీలో వచ్చిన సినిమాల్లో మనసుని పిండేసేది ఒకటుంది. 1980 నాటి 'ఆక్రోశ్'. గోవింద్ నిహలానీకి దర్శకుడిగా మొదటి సినిమా. రచన విజయ్ టెండూల్కర్. ఓంపురి లహన్యా భీకూ అనే ఆదివాసీ కూలీ. భార్యని చంపాడని కేసు. అతని తరఫు లాయరుగా నసీరుద్దీన్ షా ఎంత బతిమాలినా నోరు విప్పడు. మెల్లగా మనకి నిజం తెలుస్తుంది. అతని భార్య నాగిని (స్మితా పాటిల్) చెరిచి చంపింది ఊళ్ళోని పెద్దమనుషులే. చెబితే నమ్మేదెవరు? పోలీసులు వాళ్ళవాళ్ళే, డాక్టరు వాళ్ళవాడే.

తండ్రి చనిపోతే అంత్యక్రియల కోసం భీకూని సంకెళ్ళతో తీసుకొస్తారు. అక్కడ పడుచు పిల్ల అయిన తన చెల్లెలి వైపు మేస్త్రీ చూస్తున్న చూపు అతని కంటబడుతుంది. భీకూ పరుగున వెళ్ళి గొడ్డలి అందుకుంటాడు. మనం ఊపిరి బిగబడతాం. ఆ గొడ్డలి మేస్త్రీ మీద పడదు... చెల్లెలి మీద పడుతుంది! తన భార్యకి పట్టిన గతి చెల్లెలికి పట్టకూడదని! అప్పుడు పెట్టే కేక... సినిమా మొత్తంలో అతని నోటి నుంచి వచ్చే పెద్ద శబ్దం అదొక్కటే.

ఎంత ఘోరమైన నిజం! దిక్కులేనివాడి కోపం తనకంటే దిక్కులేనివాళ్ళ మీదే పడుతుంది. చూడబోతే మన ఇళ్ళల్లోనూ అంతే. అల్లరి చేసింది వీధి చివరి కుర్రాడు. చదువు మాన్పించేది మన అమ్మాయిని. ఫోన్ లాక్కునేది మన అమ్మాయి దగ్గర్నుంచి. హడావుడిగా సంబంధం చూసి పంపించేసేది మన అమ్మాయినే. దీనికి మనం 'పరువు' అని పేరు పెట్టుకుంటాం. గొడ్డలి కనపడదు, అంతే తేడా.

కత్తి పట్టని తండ్రి

ఇప్పుడు చెప్పబోయేది కల్పన కాదు. జార్ఖండ్‌లోని ఒక పల్లె. కొద్దిపాటి పొలంలో వరి పండించుకునే రైతు. 2017లో బంధువుల పెళ్ళిలో, 13 ఏళ్ళు నిండిన అతని పెద్ద కూతురి మీద ముగ్గురు అత్యాచారం చేశారు. ముగ్గురూ తెలిసినవాళ్ళే, ఆ ఊరి వాళ్ళే.

తండ్రి పోలీసు కేసు పెట్టాడు. ఆ మాత్రానికే ఊరంతా గుర్రుమంది. 'ఊరి మాట ఊళ్ళోనే తేల్చుకోవాలి' అన్నారు. 'ఆ ముగ్గురిలో ఒకడికిచ్చి పెళ్ళి చేసెయ్, మచ్చ పోతుంది' అని సలహా ఇచ్చారు. ఆడవాళ్ళు కూడా ఆ మాట అన్నారు! ఊళ్ళో వెలివేసినంత పని చేశారు, బెదిరించారు. వాయిదాలకి తిరగడం వల్ల పొలం పని దెబ్బతింది. అప్పులయ్యాయి. ఆ తండ్రి కుంగిపోయిన రోజులున్నాయి, 'ఎందుకొచ్చిన గొడవ' అనుకున్న రోజులున్నాయి. ఆయనేమీ సినిమా హీరో కాదు కదా. అయినా కూతురి ముఖం చూసి మళ్ళీ లేచాడు. పిల్ల తల్లి కూడా రాజీకి ఒప్పుకోలేదు.

ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఆ కుటుంబం పక్కన నిలిచారు. కోర్టులో ఏమడుగుతారో, ఎలా చెప్పాలో ఆ పిల్లకి ఓపిగ్గా వివరించారు. ఆ చిన్నపిల్ల జడ్జి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ముగ్గురికీ 25 ఏళ్ళ జైలుశిక్ష పడింది.

ఈ కథని కెనడాలో స్థిరపడిన దర్శకురాలు నిషా పహూజా డాక్యుమెంటరీగా తీశారు. పేరు 'టు కిల్ ఎ టైగర్'. 'ఒంటరిగా పులిని చంపడం నీ వల్ల కాదు' అని వాళ్ళూవీళ్ళూ అంటే, ఎలా చంపాలో చూపిస్తానన్నాడట ఆ తండ్రి. పేరు అలా వచ్చింది. 2022లో టొరంటో చిత్రోత్సవంలో మొదటిసారి చూపించారు. 2024లో ఆస్కార్ పోటీలో డాక్యుమెంటరీల విభాగంలో చివరి ఐదింటిలో నిలిచింది. ఇంకో విషయం... మొదట అమ్మాయి ముఖం కనపడకుండా చెయ్యాలనుకున్నారు. పద్దెనిమిదేళ్ళు నిండాక ఆమె సినిమా చూసింది. 'నా ముఖం దాచొద్దు' అని తనే నిర్ణయించుకుంది. తప్పు చేసింది తను కాదు కదా మరి!

ఏది గెలిపించింది?

'భూమి'లో తండ్రికి కత్తి కావాలి. ఈ రైతుకి కావలసినవి వేరు. కోర్టు ఉన్న ఊరికి బస్సు చార్జీలు. పోయిన కూలికి ఇంట్లో గింజలు. కాగితం మీద ఏం రాశారో చదివి చెప్పే మనిషి. మిగిలిన పిల్లల్ని చూసుకునే పొరుగింటావిడ. 'ఇంకా ఎన్నాళ్ళు తిరుగుతావ్' అనేవాళ్ళ మధ్య 'ఇంకొక్క వాయిదాకి రా, నేనూ వస్తా' అనే ఒక్క గొంతు. వినడానికి ఇవన్నీ ఎంత చిన్నవి! వీటితో సినిమా తీస్తే ఒక్క ఈల కూడా పడదు. కానీ పేదింటి కేసులు చాలాచోట్ల వీగిపోయేది ఇలాంటి చిన్నవి దొరక్కనే. సాక్షులు జారిపోతారు. తండ్రి అలిసిపోతాడు. ఊరిపెద్దలు డబ్బు సంచీతో ఇంటికొస్తారు.

అన్నిటికంటే పెద్ద తేడా ఇంకోటుంది. పగ కథలో కూతురు మాట్లాడాల్సిన పనే లేదు. కోర్టు కథలో కూతురే మాట్లాడాలి. ఆమె మాటే సాక్ష్యం. తండ్రి పని ఆమె బదులు కేకలు వేయడం కాదు, ఆమె భయపడకుండా మాట్లాడేలా పక్కన నిలబడడం. ఇందుకు కత్తి పట్టడం కంటే ఎక్కువ గుండె కావాలంటాను.

ఇంకో మాట. సినిమాల్లో దుర్మార్గుడు చాలాసార్లు ఎక్కడి నుంచో కారులో దిగుతాడు. దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో మాత్రం నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే అని ప్రభుత్వ లెక్కలు ఏటేటా చెబుతున్నాయి. బంధువు, పక్కింటివాడు, స్నేహితుడు, పనిచేసే చోట పెద్దమనిషి... వీళ్ళ మీద నాన్న కత్తి లేస్తుందా? చాలా ఇళ్ళలో నోరే లేవదు. 'మనవాడే కదా, బయట తెలిస్తే ఎంత అప్రతిష్ఠ' అంటారు. పరాయివాడి మీద పగ తీర్చుకునే సినిమా చూసి చప్పట్లు కొట్టడం తేలిక. మన చిన్నాన్న మీద ఫిర్యాదు చేసిన పిల్లని నమ్మడం కష్టం.

పూలు చల్లినంత మాత్రాన...

ఈ సినిమా ఆవేశం నిజజీవితంలోకి వస్తే ఏమవుతుందో మన తెలంగాణలోనే చూశాం. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిని కిరాతకంగా చంపారు. ఆ ఆడపిల్లని తలుచుకుని కన్నీరు పెట్టని ఇల్లు లేదు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ రోజు 'న్యాయం జరిగింది' అనుకున్నవాళ్ళలో ఆడవాళ్ళూ బోలెడంతమంది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం, చంపాలన్న ఉద్దేశంతోనే పోలీసులు కాల్పులు జరిపారని 2022లో బయటికొచ్చిన నివేదికలో తేల్చింది.

విచారణ జరిగి ఉంటే ఎన్నో ప్రశ్నలకి జవాబులు దొరికేవి. ఆ రాత్రి ఏం జరిగింది, ఎవరెవరి బాధ్యత ఎంత... అన్నీ కోర్టు రికార్డులోకి ఎక్కేవి. తర్వాత వచ్చే కేసులకి దారి దొరికేది. తుపాకీ శబ్దంలో ఆ ప్రశ్నలన్నీ మునిగిపోయాయి. సినిమాలో అయినా, బయట అయినా పగ చేసే పని ఇదే... కథని తొందరగా ముగించేస్తుంది.

మన చేతిలో ఉన్న ఆయుధాలు

పగ సినిమాలు చూడొద్దనడం లేదు. చూడండి, ఏడవండి, ఈల కూడా వెయ్యండి! కానీ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ ఇంట్లో పని చేసే అమ్మాయి ఇంట్లోనో ఇలాంటి కష్టం వస్తే పనికొచ్చేవి ఇవి. ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి.

* 'ఈ ఏరియా మాది కాదు' అని పోలీసులు తిప్పి పంపడానికి వీల్లేదు. ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చెయ్యాలి. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఇది స్పష్టంగా ఉంది.

* 18 ఏళ్ళ లోపు పిల్లలైతే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. వాంగ్మూలం కోసం పిల్లని స్టేషన్‌కి తిప్పక్కర్లేదు. ఇంటికే రావాలి, యూనిఫాం లేకుండా రావాలి, వీలైనంతవరకు మహిళా అధికారే రావాలి. కోర్టులో పిల్లకి నిందితుడు ఎదురుపడకుండా చూడాలి. విషయం తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే.

* ఆస్పత్రి ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి. పాతకాలపు 'రెండు వేళ్ళ పరీక్ష' చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2022లో మరోసారి గట్టిగా చెప్పింది. అదీ ఒక జార్ఖండ్ కేసులోనే.

* లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళొచ్చు. ఫోన్ నంబరు 15100. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, అత్యవసరమైతే 112. నష్టపరిహారం గురించి కూడా అక్కడే అడగండి.

* 'పెళ్ళి చేసేస్తే సరిపోతుంది', 'రాఖీ కట్టించేస్తే సరిపోతుంది' వంటి రాజీలు కోర్టులు కూడా సూచించకూడదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఇక ఊరిపెద్దలెవరు చెప్పడానికి?

* ఆ అమ్మాయి పేరు, ఫొటో, ఊరు వాట్సాప్‌లో పంపకండి. జాలితో పంపినా అది చట్టరీత్యా నేరం.

ఇవన్నీ పుస్తకంలో ఉన్నంత సాఫీగా జరుగుతాయని ఎవరూ చెప్పలేరు. పోక్సో విచారణ వీలైనంతవరకు ఏడాదిలోపు పూర్తి చెయ్యాలని చట్టమంటుంది. ఏళ్ళ తరబడి సాగే కేసులూ ఉన్నాయి. అందుకే తండ్రి ఒక్కడి ధైర్యం చాలదు. చుట్టూ మనం ఉండాలి.

మీ వీధిలో అలాంటి ఇల్లు ఒకటి ఉందనుకోండి. కిటికీ లోంచి చూసి గుసగుసలాడకండి. వాయిదా రోజున ఆ తల్లి వెళ్ళొచ్చేదాకా చిన్న పిల్లలకి ఇంత అన్నం పెట్టి మీ ఇంట్లో కూర్చోబెట్టుకోండి. వీలైతే ఆమెతో పాటు బస్సెక్కండి. ఆ అమ్మాయి ఎదురుపడితే తల తిప్పుకోకుండా, నిన్నటిలాగే 'ఏమ్మా, కాలేజీకేనా?' అని పలకరించండి. ఆ ఒక్క పలకరింపు ఉంటే ఆమె రేపు కూడా గడప దాటగలదు.